బ్యాగు తెరిచింది నేనే

మార్చి 9, శనివారం

ఏమీ జరగలేదు. అంటే జరిగింది, కానీ పెద్దదేం కాదు. రాసేస్తే మనసులోంచి పోతుందని రాస్తున్నాను.

ఈస్టర్‌కి జురీకి తెల్లబూట్లు కొనాలని హైవే పక్కనున్న పెద్ద షాపుకి వెళ్ళాం. బూట్లు దొరికాయి. పదకొండేళ్ళకే పిల్లకి నా సైజు వచ్చేసింది. వస్తూ వస్తూ పెదాల రంగుల దగ్గర ఆగింది. ఒకటి తీసి, మూత విప్పి, వాసన చూసి, "అమ్మా, పీచ్ పండంట! అచ్చం దగ్గుమందే" అని నవ్వి మళ్ళీ పెట్టేసింది. పెట్టేసింది. నేను అటు తిరిగి ఉన్నాను గానీ, పెట్టేసింది.

డబ్బు కట్టి బయటికొస్తుంటే తలుపు దగ్గర సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మనవాడే, నల్లాయనే. నెరిసిన గడ్డం, మా చర్చిలో ముందు బెంచీల్లో కూర్చునే పెద్దమనుషుల్లా ఉన్నాడు. "ఏమీ అనుకోకమ్మా, పాప బ్యాగు ఒకసారి చూడాలి. పైన కెమెరా దగ్గర్నించి చెప్పారు" అన్నాడు. మా మొహాల్లోకి చూడకుండా అన్నాడు.

జురీ వెనక్కి తగ్గలేదు. "ఎందుకండీ? మా ముందు వెళ్ళినవాళ్ళ బ్యాగులు చూశారా? నాదొక్కటే ఎందుకు?" అంది. గొంతు వణకలేదు, మర్యాద తప్పలేదు. ఎవరైనా ఆపితే అరవకు, పరిగెత్తకు, కానీ కారణం అడుగు, అడిగే హక్కు నీకుంది అని దానికి మాటలొచ్చినప్పటి నుంచీ నూరిపోస్తున్నది నేనే కదా.

"జురీ, నోరు ముయ్యి" అన్నాను.

అని, దాని భుజం మీంచి బ్యాగు లాగి, జిప్పు తీసి, పక్కనున్న బల్ల మీద బోర్లించాను. పెన్సిలు ముక్క, అమ్మమ్మ ఇచ్చిన పిప్పరమెంట్లు, జడకి పెట్టుకునే పూసలు, లైబ్రరీ కార్డు. ఒక ప్యాడు. పోయిన నెలే మొదలైంది దానికి. స్కూల్లో ఉన్నట్టుండి అవసరమైతే ఉంటుందని నేనే పెట్టాను. అది జారి బల్ల అంచున ఆగింది. వెనకాల లైనులో జనం. జురీ దానివైపే చూస్తూ నిలబడింది. తియ్యలేదు. నేనే తీశాను.

పెదాల రంగు లేదు. "క్షమించమ్మా, వెళ్ళండి" అన్నాడాయన. లైనులో ఎవరో ఏదో అన్నారు. సరిగ్గా వినపడలేదు.

గొడవ త్వరగా తేలిపోవాలని తెరిచాను. అంతే. వాదన పెరిగితే పోలీసుల్ని పిలుస్తారు. నల్లపిల్ల, నా భుజం దాటింది, వాళ్ళ కంటికి పదకొండేళ్ళ పిల్లలా ఆనదు. ఏ తల్లయినా అదే చేస్తుంది.

మార్చి 10, ఆదివారం

జురీ పొద్దున పాన్‌కేకులు తింది. ఇంకోటి అడిగి మరీ తింది. మర్చిపోయింది. పిల్లలకి మనకున్నంత పట్టింపు ఉండదు.

మార్చి 14, గురువారం

క్లినిక్‌లో ఒకాయనకి పళ్ళు శుభ్రం చేస్తుంటే స్కూలు నుంచి ఫోను. చేతి తొడుగులు పీకేసి బయటికొచ్చి ఎత్తాను. టీచరు గొంతు సంతోషంగా ఉంది. "జురీ ఈ వారం ఎంత బుద్ధిగా ఉందో చెబుదామని చేశానండీ. మధ్యలో మాట్లాడడం లేదు, ప్రతిదానికీ ఎందుకని అడగడం లేదు. ఇంట్లో మీరేం చెప్పారో గానీ బాగా పనిచేసింది!"

ఏం చెప్పానో ఆవిడకి తెలీదు. రెండే మాటలు చెప్పాను.

సాయంత్రం సరుకులకి వెళ్ళాం. జురీ రెండు చేతులూ బండి కడ్డీ మీద పెట్టుకుని నడిచింది. "ఆ ద్రాక్ష అందుకోవే" అంటే "నువ్వు తియ్యి" అంది. బ్యాగు తెచ్చుకోలేదు. అడిగితే బరువంది.

వయసు. ఈ వయసులో ఆడపిల్లలు ఇలాగే ముభావంగా అయిపోతారు. నేనూ అయ్యాను.

మార్చి 17, ఆదివారం

చర్చి అయ్యాక సిస్టర్ ఎర్నస్టీన్ పిల్లలందరికీ ఈస్టర్ నాడు చర్చిలో చెప్పే పద్యాలు పంచింది. ఎనభై దాటినా ఆవిడే పంచాలి, ఆవిడే వల్లె వేయించాలి. నాకూ ఆవిడే నేర్పింది. "బయట మన పిల్లలు నోరెత్తితే పొగరన్నారు. అందుకే ఇక్కడ మైకిచ్చి ఎత్తించాం" అంటుంది.

అన్నిటికంటే పొడుగు పద్యం జురీకిచ్చింది. ఇవ్వకేం! నాలుగేళ్ళప్పుడు అందరి ముందూ నాలుగు లైన్లూ గడగడా చెప్పేసి, "ఇంకోటి చెప్పనా?" అని అడిగిన పిల్ల. ఆ రోజు చర్చి మొత్తం విరగబడి నవ్వింది. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నెలంతా జనం నన్ను ఆపి ఆపి అడిగారు, ఏం పెట్టి పెంచుతున్నావు దాన్ని అని.

ఈసారి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. చదివి కూడా చూడలేదు.

సిస్టర్ నన్ను పక్కకి పిలిచింది. "మార్వెట్, వచ్చే నెల తల్లుల సమావేశంలో నువ్వే మాట్లాడాలి. మన పిల్లల్ని తలెత్తుకుని నడిచేలా ఎలా పెంచాలో చెప్పు. కొత్త తల్లులు బెదిరిపోయి ఉన్నారు. జురీని చూపించి చెప్తే ధైర్యమొస్తుంది."

సరేనన్నాను. కాదంటే ఎందుకని అడుగుతుంది.

మార్చి 23, శనివారం

మా ఆయన క్లిఫ్టన్ ఇంట్లో ఉన్నాడు. గూడ్సు రైలు నడిపేవాడికి శనివారం ఇంట్లో దొరకడమే గొప్ప. ముగ్గురం పూలు చూడ్డానికి వెళ్ళాం. ఊరంతా చెర్రీ చెట్లు గులాబీ రంగు కమ్ముకుని ఉన్నాయి. క్లిఫ్టన్ జురీని ఉడికించడానికి ఎప్పట్లాగే పాటలు తప్పుతప్పుగా పాడాడు. మామూలుగా అయితే "నాన్నా, ఆపు! జనం చూస్తున్నారు!" అని జనమంతా చూసేలా అరుస్తుంది. ఇవాళ చిన్నగా నవ్వి ఊరుకుంది.

నేను కారు తాళం తీస్తుంటే దగ్గరికొచ్చి అడిగాడు. "పిల్లకేమైంది?"

"వయసు."

"వయసుకి ఇంత మర్యాద వస్తుందా? నాకు భయమేస్తోంది."

"నువ్వు నెలలో సగం ఉండవు క్లిఫ్, పిల్లలు మారుతూ ఉంటారు" అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. వెళ్ళి కార్లో కూర్చున్నాడు. ఆ మాటకి అతను మాట్లాడడని నాకు తెలుసు, తెలిసే అన్నాను.

మార్చి 24, ఆదివారం

ఆ రోజు షాపు లైనులో ఏదో అన్నది ఒక తెల్లావిడ. "పిల్లల్ని ఇలా పెంచాలి" అంది నాతో, మెచ్చుకోలుగా. నేను థాంక్యూ అన్నాను.

మార్చి 30, శనివారం

అమ్మ దగ్గరికి వెళ్ళాను. సింకు నిండా ఆకుకూర పోసుకుని ఒక్కో ఆకూ తిరగేసి కడుగుతోంది. పక్కన నిలబడి ఈనెలు తీస్తూ షాపు సంగతి చెప్పాను. అంతా కాదు, చాలావరకు.

"మంచిపని చేశావ్" అంది అమ్మ.

"మంచిపనా?"

"పిల్ల ఇంటికొచ్చిందా? వచ్చింది. ఇంకేం కావాలి? నీకు ఆరేళ్ళప్పుడు బూట్ల కొట్లో గాజుబల్ల మీద చెయ్యేశావని అందరి ముందూ వాయించాను, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు?"

"కొట్టువాడు నోరు తెరిచేలోగా కొట్టాను. నేను కొట్టేస్తే ఇంక వాడు కొట్టక్కర్లేదు కదా."

"నాకెంత కోపమొచ్చిందో తెలుసా నీకు?"

"వస్తే వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి మిగిలావుగా."

నా పిల్లని అలా పెంచకూడదనే కదా నేను ఒట్టు పెట్టుకుంది. నల్లబొమ్మలు వెతికి వెతికి కొన్నాను. అద్దం ముందు నిలబెట్టి నీ ముక్కు బాగుంది, నీ జుట్టు బాగుంది, నీ గొంతు బాగుంది అని రోజూ చెప్పాను. అమ్మ అదంతా చూసి, "మాటలు బాగానే ఉన్నాయి, అవసరమొచ్చినప్పుడు తెలుస్తుంది" అనేది. నాకు ఒళ్ళు మండేది.

నేను బయల్దేరుతుంటే అమ్మ చేతులు తుడుచుకుంటూ అంది. "అయినా కొట్టేముందు నువ్వేం చేశావో నేను చూడలేదు. నాకు చూడక్కర్లేదు. నా పిల్ల ఏమీ చెయ్యదని నాకు తెలుసు. కొట్టింది వాడి కోసం."

అమ్మ ఆ మాట ఎందుకంది? నేనేం అడిగానని?

ఏప్రిల్ 6, శనివారం

సమావేశం బాగా జరిగింది. హాలు నిండింది. పసిపిల్లల్ని ఎత్తుకుని వచ్చారు, కడుపుతో ఉన్నవాళ్ళు వచ్చారు. నేను బాగా మాట్లాడాను. నేనెప్పుడూ బాగానే మాట్లాడతాను. పిల్లకి తన పేరు గట్టిగా చెప్పడం నేర్పండి అన్నాను. ఎవరైనా తప్పు పలికితే సరిదిద్దనివ్వండి అన్నాను. ఇంటి బయట లోకం దాన్ని చిన్నబుచ్చుతుంది, ఇంట్లో మీరు ఆ పని చెయ్యకండి అన్నాను. "అవును, అవును" అంటూ వెనక నుంచి పలికారు.

చివర్లో కియాండ్రా అనే కొత్తమ్మాయి లేచింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, భుజం మీద బాబు నిద్రపోతున్నాడు. "అక్కా, ఒక మాట. షాపులో ఎప్పుడైనా మన పిల్లని ఆపితే ఏం చెయ్యాలి? వాదిస్తే భయం, ఊరుకుంటే పిల్ల ముందు తల దించినట్టు. మీరైతే ఏం చేస్తారు?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. చర్చిలో, మనవాళ్ళ మధ్య, ఒక్క మగాడు కూడా లేని చోట.

"నేనైతే నా పిల్ల పక్కన నిలబడతాను" అన్నాను. "దాని భుజం మీద చెయ్యి వేసి, మా పిల్ల అడిగినదానికి ముందు జవాబు చెప్పండి అంటాను."

చప్పట్లు కొట్టారు. కియాండ్రా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తల తిప్పితే వంటగది గుమ్మంలో జురీ ఉంది. అందరికీ నిమ్మరసం పొయ్యమని సిస్టర్ పిలిచిందట. రెండు చేతులతో కూజా పట్టుకుని నిలబడింది. ఎప్పటి నుంచి ఉందో. నేను చూడడం చూసి, ముందు వరసలో వాళ్ళకి గ్లాసులు నింపడం మొదలుపెట్టింది. నా గ్లాసు కూడా నింపింది. ఒక్క చుక్క కింద పడలేదు.

ఏప్రిల్ 7, ఆదివారం

నిన్న కార్లో జురీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాకా అనలేదు. వినలేదేమో. కూజా బరువు మీద ధ్యాస ఉండి ఉంటుంది.

విన్నది.

ఏప్రిల్ 12, శుక్రవారం

మధ్యాహ్నం భోజనం మానేసి ఆ షాపుకి వెళ్ళాను. క్లినిక్ బట్టల్లోనే వెళ్ళాను, కాస్త గౌరవంగా చూస్తారని. ఆ పెద్దాయన తలుపు దగ్గర లేడు. మేనేజరుని పిలవమన్నాను. పాతికేళ్ళమ్మాయి వచ్చింది. జరిగింది చెప్పాను. నా గొంతు పైకి లేచింది, లేవనిచ్చాను. బట్టలు చూస్తున్నవాళ్ళు ఆగి చూశారు. "మా పిల్ల అడిగింది ఒక్కటే ప్రశ్న. దానికి మీలో ఒక్కరూ జవాబు చెప్పలేదు" అన్నాను. ఆ అమ్మాయి ఎర్రబడిపోయి, చాలా చాలా సారీ మేడం అంది. ఏదో కూపన్ ఇవ్వబోయింది. తీసుకోలేదు. కారులో కూర్చున్నాక ఒళ్ళు తేలికైంది. నెల రోజులుగా అంత తేలిగ్గా లేదు.

ఇంటికొచ్చి చేతులు కూడా కడుక్కోకుండా జురీకి చెప్పాను. హోంవర్కు నుంచి తలెత్తి వింది.

"సారీ చెప్పారా?"

"చెప్పారు! అందరూ చూస్తుండగా చెప్పారు."

"ఎవరికి?"

"నాకే."

"ఓహో" అంది. మళ్ళీ లెక్కలు చేసుకుంది.

ఏప్రిల్ 18, గురువారం

సిస్టర్ ఎర్నస్టీన్ ఫోను. జురీ పద్యం చెప్పనందట. కాగితం తిరిగిచ్చేసిందట. "ఒంట్లో బాగాలేదా అంటే, బానే ఉంది, ఊరికే చెప్పాలని లేదు అంది. నేను బతిమాలలేదు మార్వెట్. నా ఎదుట ఇంతకాలంలో ఎంతోమంది పిల్లలు భయపడి చెప్పలేదు. దీనికి భయం లేదు. ఇంకేదో ఉంది. నువ్వు తల్లివి, నీకు తెలిసుంటుంది."

వయసండీ అన్నాను ఆవిడతో కూడా.

ఏప్రిల్ 21, ఈస్టర్

చెయ్యి నొప్పి పుట్టేదాకా రాస్తాను. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

చర్చిలో పద్యాలయ్యాయి. ఆ పొడుగు పద్యం తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి చెప్పింది. మధ్యలో ఆగిపోతే అందరూ "నిదానంగా తల్లీ, నిదానంగా" అని పలికారు, అందుకుని పూర్తిచేసింది. జురీ నా పక్కన కూర్చుని చప్పట్లు కొట్టింది. తెల్లబూట్లు వేసుకోలేదు. పాతవే వేసుకుంది.

అందరం అమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. అమ్మ, క్లిఫ్టన్, జురీ, నేను. హామ్, మాకరోనీ చీజు, ఆకుకూర, అమ్మ చేసే గుడ్లు. ప్రార్థన అయ్యాక క్లిఫ్టన్ ఫోర్కు పట్టుకోలేదు.

"జురీ, నేను ముందుగా అడిగి సెలవు పెట్టుకుని వచ్చింది నీ గొంతు వినడానికి. ఎందుకు చెప్పలేదమ్మా?"

జురీ పళ్ళెం వైపు చూస్తోంది.

"అది వయసు క్లిఫ్..." అన్నాను.

"వయసు కాదు నాన్నా" అంది జురీ.

ఇంక ఆగలేదు. షాపు, పెదాల రంగు, సెక్యూరిటీ ఆయన, ఆయన మాట, తన మాట, నా మాట, అన్నీ ఆయా గొంతుల్లో చెప్పింది. అమ్మాయికి అనుకరణ ఎంత బాగా వచ్చో మర్చిపోయాను. నా "నోరు ముయ్యి" అచ్చం నాలాగే అంది. ప్యాడు సంగతి వాళ్ళ నాన్న ముందు సిగ్గుపడకుండా చెప్పింది. తెల్లావిడ మెచ్చుకోవడం, నా థాంక్యూ చెప్పింది. సమావేశంలో నేను పలికిన మాటలు పొల్లుపోకుండా చెప్పింది. క్లిఫ్టన్ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

"ఇంక చాలు తల్లీ" అంది అమ్మ. "మీ అమ్మ నిన్ను క్షేమంగా ఇంటికి తేవాలని చేసింది."

"అవును, గొడవ తొందరగా తేలాలని..." అని నేనూ అందుకున్నాను.

"అబద్ధం!" అంది జురీ. కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఆయన అడగ్గానే నువ్వు ఆయన్ని చూడలేదు. నా మొహం చూశావు. తీశానేమోనని చూశావు. నోరు ముయ్యమన్నది, బ్యాగు తెరిచింది, అంతా దాని తర్వాత! అమ్మమ్మా, మా అమ్మకే తెలీదు, నేను దొంగనో కాదో!"

"మార్వెట్, కాదని చెప్పు" అంది అమ్మ.

నేను నోరు తెరిచాను. ఈ పుస్తకంలో రాసిన కారణాలన్నీ నాలుక మీదికొచ్చాయి. పోలీసులు, పొడుగు, వయసు. పిల్ల నిలబడి చూస్తోంది.

"అవును" అన్నాను. "చూశాను."

అమ్మ గరిటె కింద పెట్టింది.

"నేనెప్పుడైనా దొంగతనం చేశానా?"

"లేదు."

"అబద్ధమైనా చెప్పానా నీతో?"

"లేదు."

"మరి ఎందుకమ్మా?"

బతుకంతా నన్ను అలా చూశారు కాబట్టి నా కళ్ళు కూడా అలా చూడడం నేర్చుకున్నాయేమో. కానీ పదకొండేళ్ళ పిల్లకి అది చెప్తే దాని తప్పు కాని బరువు దాని నెత్తినే పెట్టినట్టు. "నాకు తెలీదు" అన్నాను. "నీవల్ల కాదు. నీలో ఏమీ లేదు. నాలో ఉంది."

అప్పుడు అరిచింది. మాటలు కూడా సరిగ్గా లేవు. నువ్వే నేర్పావు, నువ్వే అన్నావు, అందరికీ చెప్తావు, నాకు మాత్రం, నాకు మాత్రం, అని. కిటికీ తెరిచే ఉంది, పక్కింటివాళ్ళు పెరట్లో ఉన్నారు. క్లిఫ్టన్ లేచి "జురీ, అమ్మతో కాస్త మెల్లగా..." అనబోయాడు.

"ఆపకు క్లిఫ్" అన్నాను. నేను ఇవాళ చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే, అది కూడా ఆలస్యంగా.

గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఏడిచింది. నేను దగ్గరికెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. వాళ్ళ నాన్న దగ్గరికెళ్ళింది. అతను ఆ పొడుగుపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు, కాళ్ళు నేల మీద ఆనుతున్నాయి. అమ్మ చల్లారిపోయిన పళ్ళాలు తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చింది, ముందు జురీకి పెట్టింది. జురీ తింది. మేమందరం తిన్నాం.

నేను సారీ చెప్పాను. "విన్నాను" అంది. సరేననలేదు.

ఏప్రిల్ 22, సోమవారం

క్లిఫ్టన్ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాడు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "నా కోపం నువ్వు బ్యాగు తెరిచినందుకు కాదు మార్వెట్. నేను అడిగితే నేను ఇంట్లో ఉండనని గుర్తుచేశావు చూడు, అందుకు" అన్నాడు. సమాధానం కోసం ఆగలేదు.

స్కూలుకి ముందు జురీ నా మోకాళ్ళ మధ్య కింద కూర్చుంది, జడలు వెయ్యడానికి. ఇంకెవరైనా వేస్తే బాగుండునని దానికి ఉందేమో, ఇంట్లో ఇంకెవరూ లేరు. పాయలు తీస్తూ చెప్పాను. సిస్టర్ ఎర్నస్టీన్‌కి ఫోన్ చేసి, తల్లుల సమావేశాల్లో ఇక మాట్లాడనని చెప్పేస్తానన్నాను. నాకు ఆ అర్హత లేదన్నాను. పిల్ల జాలిపడుతుందని ఎక్కడో ఆశ కూడా ఉందేమో.

"ఊరికే మానేస్తావా?" అంది. వెనక్కి తిరగలేదు. "ఆ బాబుని ఎత్తుకున్నావిడ నువ్వు చెప్పింది నమ్మింది. ఏడిచింది కూడా."

"అవును."

"వచ్చే నెల వెళ్ళి జరిగింది చెప్పు. నేను ముందు వరసలో కూర్చుంటా. ఒక్కటి మార్చి చెప్పినా అక్కడే లేచి అందరి ముందూ చెప్పేస్తా."

దువ్వెన ఆగిపోయింది నా చేతిలో.

"అమ్మా, బస్సొస్తుంది. త్వరగా కానీ" అంది.

లేస్తుంది. నాకు తెలుసు. లేచి చెప్తుంది.